వెండి గిన్నెలో ఇనప రజను

కొండ్రుపాడు దివాణంలో ఒక నీళ్ల ఇంజను ఉండేది. ఊళ్లో మూడొందల ఎకరాల వరికీ అదే దిక్కు. దాని బాగోగులు చూసే మేస్త్రీ సైదులు. ఇంజను పైన బిగించే హెడ్డు విప్పాడంటే, గాలి వెళ్లే దారిలో ఆకురాయితో రెండుసార్లు రుద్ది, వేలు పెట్టి తడిమి చూసేవాడు. రోజంతా చేసినా చిటికెడు రజను రాలేది కాదు.

"దారి పెద్దదైతే గాలి ఎక్కువ, గాలి ఎక్కువైతే జోరెక్కువ. ఈ మాత్రం గీకుడికి మేస్త్రీ ఎందుకు?" అంటూ జమీందారు రాయణంగారు సైదుల్ని పంపేసి, తానే ఒక్క పూటలో గీకిపారేశారు. రాలిన రజనంతా వెండి గిన్నెలో పోయించి, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయారు.

మర్నాడు ఇంజను నాలుగు తుమ్ములు తుమ్మి ఆగిపోయింది. గీకిన గోడ పలచబడి చిల్లిపడి, దాని వెనక ఇంజన్ని చల్లబరిచే నీళ్లు లోపలికి దిగాయి. పైరు చూస్తే పొట్ట మీద ఉంది, ఇప్పుడు నీళ్లు తప్పితే గింజే ఉండదు. కొత్త హెడ్డు పట్నం నుంచి రావాలంటే నెల పడుతుంది.

రైతులందరి ముందూ జమీందారు సైదుల్ని పిలిపించి ఉరిమారు. "ఒరేయ్, పొద్దుగూకేలోగా అది మొన్న ఎలా ఉండేదో అలా చెయ్యి. లేదంటే ఊరొదిలి పో!"

సైదులు చిల్లిలో వేలు పెట్టి చూశాడు. సావిట్లో ఉన్న వెండి గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"రవ్వంత కూడా ఎక్కడికీ పోలేదు దొరా, అంతా ఇందులోనే ఉంది. తీసిన చేత్తోనే తమరు అతికించండి. బిగించే పని నేను చూసుకుంటాను."

జమీందారు తల దించుకున్నారు. ఆ మాటకి ఊరంతా నవ్వాల్సింది. ఒక్కరూ నవ్వలేదు. సైదులూ నవ్వలేదు. అతని అరెకరం వరి కూడా ఆ ఇంజను నీళ్ల కిందే ఉంది.