తిత్తిలో పురుగు

ఒక కొండ కింద అక్కాచెల్లెళ్ళిద్దరు ఎదురెదురుగా కొలిములు పెట్టుకుని బతికేవారు. ఎవరి కొలిమికి వాళ్ళకి జంట తోలుతిత్తులు. బండిచక్రానికి ఇనపపట్టా ఎక్కించే రోజున మాత్రం చెల్లెలు అక్క కొలిమికి వచ్చేది. ఆ పని ఒక్కరివల్ల అయ్యేది కాదు మరి.

అక్క తిత్తులకి పురుగు పట్టింది. వాన పడితే చాలు, గురగురమని దగ్గేవి. ఆవిడ వేపాకు పొగ పెట్టేది, చప్పుడు ఆగగానే పొగ ఆపేసేది. మళ్ళీ వానలకి మళ్ళీ అదే దగ్గు. చెల్లెలి తిత్తులదీ ఇదే గోల.

"వచ్చినప్పుడల్లా నీ చెల్లెలే కొత్త పురుగుని మోసుకొస్తోందమ్మా," అన్నారు ఇరుగుపొరుగు. అక్క నమ్మేసింది. ఇక రావద్దని కబురు పెట్టింది. చెల్లెలు మారుమాట లేకుండా మానేసింది. చక్రాల పని మూలపడింది. అది పోతే పోయింది, ఎదురింటి సమ్మెట చప్పుడు వింటూ ఒక్కతే కూర్చుని తింటే అక్కకి ముద్ద గొంతు దిగేది కాదు.

ఒకనాడు భూతద్దం పట్టుకున్న మనిషి ఒకాయన ఆ దారిన పోతూ, ఆ దగ్గు విని ఆగాడు.

"పాత తోలుముక్కలేమైనా ఉన్నాయా తల్లీ?"

లేకేం! తిత్తికి అతుకేసినప్పుడు కోసిన పురుగుతిన్న ముక్కని పారెయ్యకూడదని ఆ కమ్మర్ల ఆచారం. అది కొలిమి ఊపిరిట. ఏటేటా కోసినవన్నీ దూలానికి వేలాడుతున్నాయి. అక్క చెల్లెలి సంగతి చెబితే ఆయన ఎదురింటివి కూడా తెప్పించి, అన్నీ ఎండలో పరిచి, కాటు గుర్తులు ఒక్కొక్కటే చూశాడు. పొద్దువాలేదాకా తల ఎత్తలేదు.

"మీ ముక్కలన్నిటి మీదా ఒకటే కాటు. కొత్త పురుగు ఎప్పుడూ రాలేదు. పాతదే కుట్లలో నక్కి కూర్చుంది. మీ చెల్లెలి తిత్తులది వేరే జాతి."

"అయితే మా చెల్లెలు తేలేదా?"

"తేలేదమ్మా. ఇది మీ ఇంటిదే. చప్పుడు ఆగినా పొగ ఆపకండి. రేపు ఒకదాన్నుంచి ఒకదానికి పాకదని చెప్పలేను, తిత్తులు మాత్రం దగ్గర పెట్టకండి."

అంత చెడ్డ కబురుకి అంత సంతోషపడ్డ మనిషిని ఆయన ఎక్కడా చూసి ఉండడు. అక్క రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "మీ కడుపు చల్లగుండ బాబూ," అంటూనే వీధి దాటి పరుగెత్తింది.

"పురుగు నాదేనే! నువ్వు తేలేదు!"

చెల్లెలి చేతిలో పట్టకారు జారిపోయింది.

"నిజమా అక్కా? నేనే నీకు అంటించానేమోనని, ఇన్నాళ్ళూ నీ గుమ్మం వైపు ఊపిరి వదలడానిక్కూడా భయపడ్డాను."

అక్క చెల్లెలి మసిచేతులు లాక్కుని తన చెంపలకి ఆనించుకుంది.