తాబేలు మీద నక్క వేసిన దావా

కొండవాగు అవతలి అడవిలో ఒక నక్క వకీలు ఉండేది. పట్టిన కేసు ఓడిందన్న మాట లేదు. కానీ దాని గడప తొక్కిన జంతువల్లా కాగితాల కట్టతోనే తొక్కింది. ఓడినవాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు. గెలిచినవాళ్లు, తమ గుట్లన్నీ దానికి తెలుసు కదా అని, ఎదురుపడితే పక్కదారి పట్టేవాళ్లు. అవతలి పక్షం వకీలు కాకితో నాలుగు మాటలు ఆడదామంటే, ఇద్దరూ కుమ్మక్కయ్యారని కక్షిదారులు ఒకటే గోల. జ్వరమొచ్చి పడుకుంటే పలకరించే దిక్కు లేదు.

పక్క పొదలో ఒక ముసలి తాబేలు ఉండేది. రోజూ నక్క గుమ్మం ముందు నుంచే చెరువుకు పోయేది. దాన్ని పిలిచి కబుర్లాడాలని నక్కకు ప్రాణం పీకేది. కానీ కేసు లేకుండా మాట మొదలెట్టడం తెలిస్తే కదా! అంత చదువు చదివిందే, "బాగున్నావా" అన్న ఒక్క ముక్క నోటికి రాదు. చివరికి ఏం చేసిందో తెలుసా? తన గుమ్మం ముందు నడవడానికి వీల్లేదని తాబేలు మీద దావా వేసింది!

తీర్పు చెప్పే ఎలుగుబంటి కొండ మీద ఉంటుంది. వాయిదా రోజున ఇద్దరూ కలిసే బయల్దేరారు. తాబేలు నడక తెలిసిందే, చేరేసరికి మధ్యాహ్నం.

"నేనేం తప్పు చేశాను వకీలుగారూ?"

"అవన్నీ మామూలే బాబాయ్. నీ కాలినొప్పి ఎలా ఉంది?"

కబుర్లలో దారే తెలియలేదు. కొండ ఎక్కగానే నక్క వాయిదా అడిగేసింది. మళ్లీ నడక, మళ్లీ వాయిదా. ఇలా పదకొండు. నక్క బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజులు లేవు.

పన్నెండోసారి ఎలుగుబంటికి ఒళ్లు మండింది. "ఇవాళ వాదిస్తావా, కేసు కొట్టేయమంటావా?"

కొట్టేయండి అంటే పోయేది. నోరు మూసుకు కూర్చున్నా సరిపోయేది. కానీ ఓటమి మాట చెవిన పడగానే దానికి పూనకం వచ్చింది. పొద్దున బాబాయ్ అన్నవాణ్ణే ప్రతివాది, ప్రతివాది అంటూ గంటసేపు దంచింది. తాబేలు ఇక ఆ దారిన నడవకూడదని తీర్పొచ్చింది. చెరువుకు ఉన్నది ఆ ఒక్క దారే, అంటే తాబేలు ఇల్లు వదిలి పోవాల్సిందే. తాను ఏం గెలిచిందో నక్కకు అప్పుడు తట్టింది.

"బాబాయ్, ఆగు! అప్పీలు ఉంది! నీ తరఫున నేనే రాస్తా. నా వాదనలో మూడు బొక్కలున్నాయి, నాకు తెలుసు!"

తాబేలుకు విసుగొచ్చింది. "మాట్లాడ్డానికే కేసు వేశారని రెండో వాయిదాకే తెలిసింది వకీలుగారూ. ముసలివాణ్ణి, నాకూ తోడు బాగుందని ఊరుకున్నా. ఒక్కరోజు ఓడిపోతే మీ సొమ్మేం పోయేది? ఇప్పుడు కూడా కేసేనా?"

"మరి ఇంకెలా రావాలి నీ దగ్గరికి?" అంది నక్క. నిజంగానే అడిగింది, దానికి తెలియదు.

తాబేలు వాగు వైపు నడక మొదలెట్టింది. ఆ నడకకు పొద్దుగూకే దాకా కనబడుతూనే ఉంది, పిలిస్తే వినబడే దూరంలోనే ఉంది. నక్క మాత్రం అక్కడే చతికిలబడి అప్పీలు రాసుకుంటోంది.

తోడు కావలసిన చోట వాదనకు దిగినవాడికి చివరికి గెలుపొక్కటే మిగులుతుంది.