చిదంబరయ్య ఇంట్లో నీటికుక్కలు

వేములకోటని ఏలే రంగరాయలు ఒకసారి పడవ షికారుకెళ్లి, చిలకలేటి ఒడ్డున ఆడుకుంటున్న నీటికుక్కల్ని చూసి మురిసిపోయాడు. ఒక పిల్ల వెల్లకిలా తేలుతూ పొట్ట మీద గులకరాయి దొర్లించుకుందట. ఆ ముచ్చటే రెండు రోజులు కొలువంతా చెప్పాడు. మూడో రోజున, ఏటి పొడవునా ఏ నేల మృగాలది, ఏ నేల మనుషులది తేలుస్తూ పటం గీయాలనీ, మృగాల నేలలో మనిషన్నవాడు ఉండకూడదనీ ఆజ్ఞ వేశాడు.

ఆ పని ఆస్థాన పండితుడు చిదంబరయ్యకి దక్కింది. ఏటి వైపు వెళ్తే చెప్పులకి బురద అంటుతుందని ఆయన మేడ దిగకుండానే పటం ముగించాడు. మృగం అడుగు పడిన చోటల్లా మృగాలదేనని ఒక సూత్రం చెప్పి, ఒడ్డు మొత్తానికీ ఆకుపచ్చ పూసేశాడు. ఆ పచ్చలో తొమ్మిది ఊళ్లు పోయాయి. చేపలు పట్టేవాళ్లూ, ఇసుకలో దోసపాదులు పెట్టుకునేవాళ్లూ పున్నమిలోగా ఇళ్లు ఖాళీ చేయాలని దండోరా వేశారు.

రాజు పడవ నడిపే కోనమ్మది వాటిలో ఒక ఊరే. ఆమె కొలువుకొచ్చి, నీటికుక్కలూ తామూ తాతల నాటి నుంచీ ఒకే రేవులో చేపలు పడుతున్నామని మొరపెట్టుకుంది. తెడ్డు వేసేవాళ్లకి శాస్త్రం ఏం తెలుస్తుందని చిదంబరయ్య నవ్వాడు. ఆ సూత్రం నుంచి ఎవరికైనా మినహాయింపు ఉందా అని ఆమె అడిగింది.

"ఎవరికీ లేదు," అన్నాడాయన, రాజు ఎదుటే.

కోనమ్మ దండం పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే చిదంబరయ్య కేకలకి వీధంతా లేచింది. ఆయన వంటింట్లో ఒక నీటికుక్క పెరుగుకుండలో తల దూర్చి ఉంది. ఇంకొకటి ఆయన పట్టుపంచె మీద పొర్లి ఒళ్లు ఆరబెట్టుకుంటోంది. వార్త వినగానే రాజు పల్లకీ కోసం కూడా ఆగకుండా పరుగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి కోనమ్మ ఆకుపచ్చ రంగు ముంతతో వీధి తలుపు దగ్గరుంది. ఒక రెక్కకి రంగు వేయడం అయిపోయింది, రెండోది సగంలో ఉంది.

నా తలుపుకి రంగేమిటని చిదంబరయ్య గొంతు చించుకున్నాడు. కోనమ్మ గడప మీది తడి అడుగుల్ని చూపించి, పున్నమి ఎల్లుండేనని, సామాను సర్దుకోమని నెమ్మదిగా చెప్పింది.

చిదంబరయ్య రాజు వైపు తిరిగాడు. "ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు ప్రభూ. ఏదో తిండికి వచ్చాయి, తిని పోతాయి. వాటి దారి వాటిది, నా దారి నాది. ఆ మాత్రానికి ఇల్లు వదిలేయమంటే ఎలా?"

కోనమ్మ కుంచె పైకెత్తింది.

"ఆ మాటకి పటంలో ఏ రంగు వేయమంటారు, పండితులుగారూ?"

రాజు అరుగు మీద కూలబడి, తలపాగా జారిపోయేదాకా నవ్వాడు. కాస్త తేరుకున్నాక, ఏట్లో ఉండాల్సినవి ఇంత దూరం ఎలా వచ్చాయని అడిగాడు.

"రేవు నుంచి ఇక్కడిదాకా దారంతా చల్లడానికి రెండు గంపల చేపలు పట్టాయి దొరా," అంది కోనమ్మ.

ఈసారి వీధి వీధంతా నవ్వింది. రాజు అక్కడికక్కడే దండోరా రద్దు చేసి, తన పడవని కోనమ్మకి బహుమానంగా ఇచ్చేశాడు. ఆమెనే తొమ్మిది ఊళ్లవాళ్లనీ వెంటబెట్టుకుని ఏటి పొడవునా తిరిగి, మృగాలూ మనుషులూ కలిసి బతికే నేలకి మూడో రంగు వేసి కొత్త పటం గీయమన్నాడు. రంగుల ముంతలు మోసే పని చిదంబరయ్యకి అప్పగించాడు.