దొరగారి గొడుగు

తెల్లదొరల ఏలుబడిలో ఒక ఊరి కచేరీకి కొత్త దొర వచ్చాడు. ఆయనకు గొడుగు పట్టే కొలువు పైడయ్యది.

ఓ వేసవి మధ్యాహ్నం దొర సంత చూడ్డానికి బయల్దేరాడు. ఎదురుగా ఆ ఊరి బంగారమ్మ పసిబిడ్డనెత్తుకుని తాటాకు గొడుగు కింద వస్తోంది. అది చూసి దొర మండిపడ్డాడు.

"నా ఎదుట నల్లవాళ్ళెవరూ గొడుగు విప్పకూడదు. విప్పితే కొరడా దెబ్బలే."

దొర వెంట ఉన్న బంట్రోతు ఆమె గొడుగు మూయించాడు. ఎండ తగిలి బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది.

మరుక్షణం దొర నెత్తి మీదా ఎండ పడింది. పైడయ్య గొడుగు మూసేశాడు.

"ఎందుకు మూశావురా?"

"నేనూ నల్లవాణ్ణేగా బాబూ. నాకూ ఓ వీపుందండి."

"నువ్వు పట్టింది నాకోసం. అది తప్పు కాదు."

"ఆవిడ పట్టింది బిడ్డ కోసమండి. అది తప్పయితే ఇదీ తప్పే. పోనీ, తమరే పట్టుకోండి" అంటూ పైడయ్య వినయంగా గొడుగు అందించాడు.

సంతంతా చూస్తోంది. తన గొడుగు తానే మోసుకుంటే ఇక దొరతనం ఏం గాను? ఎండకు దొర మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడ్డాక, "సరే, అందరూ విప్పుకోండి" అన్నాడు.

పైడయ్య తొందరపడలేదు. బంగారమ్మ గొడుగు విప్పుకుని బిడ్డను ఊరుకోబెట్టేదాకా ఆగి, అప్పుడు తన చేతిలోది తీరిగ్గా విప్పాడు.