తాడేదర్రా?

అనగా అనగా, ఊరికో నుయ్యి, నూతికో గిలక ఉన్న రోజుల మాట. మన గోదారొడ్డు కాదర్రా! ఐదు ఏర్లు పారే పంజాబులో, ఏ ఏరూ తొంగిచూడని చిన్న పల్లె. గోధుమ పండితే తిండి, పండకపోతే పస్తు. ఆ ఊళ్ళో నూతులు తవ్వే రుల్దూ, వాడి పెళ్ళాం భాగో ఉండేవారు.

ఒక ఏడు వాన లేదు. రెండో ఏడూ లేదు. మూడో ఏడూ లేదు. ఉన్న ఒక్క నుయ్యీ ఎండిపోయింది. పశువులు పోయాయి, ముసలాళ్ళు పోయారు. బద్ధశత్రువులైన పై వీధివాళ్ళూ కింది వీధివాళ్ళూ కలిసొచ్చి, "నువ్వే దిక్కురా రుల్దూ, ఇంకా లోతుకి తవ్వు" అన్నారు.

మొదటిరోజు వాడు నడుముకి తాడు కట్టుకున్నాడు. రెండో కొస పైన నలుగురు పట్టుకున్నారు. మూడు కేకలేస్తే లాగాలని కట్టుబాటు.

"తాడు గట్టిదేనా?" అంది భాగో.

"గట్టిదేనే పిచ్చిదానా. పట్టుకున్న చేతులు వదలకపోతే చాలు" అని నవ్వి దిగాడు. మూడు కేకలేశాడు. లాగారు. ఒళ్ళంతా పొడి ఇసుక.

రెండోరోజూ అదే అడిగింది, అదే చెప్పాడు. మూడు కేకలేశాడు. లాగారు. ఒళ్ళంతా తడి మన్ను. తల్లులు ఆ మన్ను తీసి పిల్లల పెదాలకి రాశారు.

మూడోరోజు భాగో అడగలేదు. ఊరు సంబరంగా ఉంటే అపశకునం మాటెందుకని, రొట్టెలు కాల్చడానికి ఇంటికెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం రుల్దూ మొదటి కేకేశాడు. "నీళ్ళు!"

అంతే! కడవలతో ఊరు ఊరంతా ఎగబడింది. "ముందు మా వీధికి!" "ఏం, మీరేమన్నా పైనుంచి ఊడిపడ్డారా?" తాడు పట్టుకున్నవాళ్ళు తాడొదిలేసి జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. కింద ఊట ఉబికి వాడి పీకలదాకా వచ్చింది. రెండో కేక ఎవరూ వినలేదు. మూడో కేకా వినలేదు. తాడు గిలక మీంచి జారి నూతిలో పడిపోయింది.

భాగో రొట్టెల మూటతో వచ్చింది. గిలక వంక చూసింది.

"తాడేదీ?" అంది.

కడవలు కింద పెట్టారు.

"అయ్యా, తాడేదయ్యా?"

జుట్లు వదిలేశారు.

"నా మొగుడికి కట్టిన తాడేదర్రా!"

ఇంకో తాడు తెచ్చి, కొక్కెం వేసి తీసేసరికి వాడిలో ప్రాణం లేదు.

ఆ నీళ్ళే తాగారు. తాగక ఏం చేస్తారు? చుట్టుపక్కల ఇంకో చుక్క లేదు. ఏడుస్తూ తాగారు. భాగో కూడా తాగింది, బతకాలి కదా.

ఇప్పటికీ ఆ ఊళ్ళో చేద వేసేముందు నూతిలోకి వంగి, "రుల్దూ, పైకి రా!" అని మూడుసార్లు పిలుస్తారు. కాసేపు ఆగి వింటారు. ఎవరన్నా కొట్టుకుంటుంటే పంచాయితీ పెట్టరు. ఏ ముసలమ్మో వచ్చి, "తాడేదర్రా?" అంటుంది. ఎత్తిన చేతులు దించుకుని ఎవరింటికి వాళ్ళు పోతారు.