పర్లమ్మ పొదుగుడు కూలి

పర్లమ్మ అనే కోడిపెట్టకు నాలుగేళ్లు. ఏ గింజనైనా మింగే ముందు కాలితో ఓసారి దొర్లించి చూసుకోవడం ఆమె అలవాటు. మొగుణ్ణి మాత్రం దొర్లించి చూసుకోలేదు.

ఆ పుంజుగారికి ఈకలు నిగనిగలాడాలి, కూత నాలుగూళ్లకు వినపడాలి. అందుకని నక్క జంబుకయ్య దగ్గర బస్తాలకొద్దీ జొన్నలు అప్పు తెచ్చి తిన్నాడు. అవి అయిపోగానే, పొరుగూళ్లో తెల్లవారడం ఆలస్యమవుతోందట, కూసి వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. అప్పు చేసి పప్పుకూడు తిన్నది పుంజు, అరిగించుకోవలసింది పెట్ట. లోకం తీరే అంత.

జంబుకయ్య వచ్చి పర్లమ్మ గంప ముందు కూర్చున్నాడు.

"జొన్నలైనా ఇవ్వు చెల్లెమ్మా, నువ్వైనా రా. నాకు రెండూ ఒకటే."

పంచాయితీ పెట్టారు. ఎద్దు బసవయ్య నెమరేస్తూ రెండు వైపులా విని తీర్పు చెప్పాడు. "పర్లమ్మ సంత సంతకీ ఒక శేరు జొన్నలు కట్టాలి. కడుతున్నన్నాళ్లూ నక్క ఆమె గంప దరిదాపులకు రాకూడదు. ఒక్క వాయిదా తప్పినా గంపా, గంపలో ఉన్నవన్నీ, పర్లమ్మతో సహా నక్కవి."

పర్లమ్మ టర్కీకోడి దొర ఫారంలో గుడ్లు పొదిగే పని చేసేది. జీతం జొన్నలే. నక్కకు కట్టగా మిగిలింది తిని, సంత సంతకీ బతికి బయటపడేది. ఒకరోజు ఫారంలోకి పెద్ద ఇనప పెట్టె ఒకటి దిగింది. కరెంటుతో గుడ్లు పొదుగుతుందట.

"నిన్ను తీసేస్తున్నామని ఎవరన్నారు పర్లమ్మా? విశ్రాంతి ఇస్తున్నాం," అన్నాడు టర్కీ దొర, మెడ కింద తోలు ఊపుకుంటూ.

"శేరు జొన్నలకు ఎంత విశ్రాంతి పోయాలి దొరా? సంతలో ఎవరైనా కొంటారా?"

"చూడు, యంత్రం తిండి అడగదు, కసురుకోదు, పొడవదు."

"మంచిదే. మీకు కావలసింది అలాంటి ఆడదే," అని పర్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఏటి గట్టుకు వచ్చేసింది.

గంప తుమ్మచెట్టు నీడలో దించి, దిగులుగా కూర్చుంది. సంత దగ్గర పడుతోంది. అవతల పొదల్లో జంబుకయ్య అప్పుడే పళ్లు తోముకుంటున్నాడని కాకులు చెప్పాయి.

ఇంతలో బాతు ఒకటి ఆయాసపడుతూ వచ్చింది.

"వదినా, ఖాళీగానే ఉన్నావట కదా. నా గుడ్లు కాస్త పొదిగి పెట్టవూ? నేను కూర్చుందామనుకుంటాను, ఒళ్లు నిలవదు. నీళ్లు పిలుస్తాయి."

"పెడతాను. కూలి ఎంతిస్తావు?"

బాతు ముక్కు తెరిచింది. "తల్లి పనికి కూలేమిటి వదినా, వినడానికే బాగోలేదు!"

"ఊరికే కావాలంటే మీ ఆయన్ని కూర్చోమను."

బాతు కాసేపు మొగుణ్ణి గుడ్ల మీద ఊహించుకుంది. ఆ ఊహలోనే గుడ్లన్నీ పగిలిపోయాయి.

"ఎన్ని జొన్నలు కావాలి?" అంది.

"శేరున్నర. శేరు ముందే ఇవ్వాలి."

ఆ శేరుతో ఆ సంత గట్టెక్కింది. కబురు పాకింది. నెమలి వచ్చింది, గిన్నెకోడి వచ్చింది. వచ్చినవాళ్లంతా ముందు "అయ్యో కూలా!" అనడం, తర్వాత మొగుణ్ణి తలుచుకోవడం, తర్వాత జొన్నలు కొలవడం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. పర్లమ్మ కూర్చునే సంపాదించడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఏట్లోంచి మొసలి మకరమ్మ గట్టెక్కింది. చెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. పర్లమ్మ లేవలేదు. రెక్కలు గుడ్ల మీద ఇంకాస్త పరిచింది.

"భయపడకు పిల్లా, బేరానికే వచ్చాను," అంది మకరమ్మ. "ఏటా ఇసుకలో గుడ్లు పెట్టేదాన్ని. ఈ ఏడు లారీలొచ్చి ఇసుకంతా ఎత్తుకుపోయాయి. వెచ్చగా దాచుకోవడానికి చారెడు చోటు లేదు. నువ్వు పొదుగుతావా?"

"పొదుగుతాను అక్కా. కానీ... కూలి..." అంది పర్లమ్మ.

"ఎండు చేపలిస్తాను, సంతలో జొన్నలకు మార్చుకో. ఊరికే చేయించుకుంటాననుకున్నావా? నేనూ ఒంటరి ఆడదాన్నేనమ్మా!"

ఆ గుడ్లు వేరే గంపలో పెట్టి, పైన ఆకులు కప్పి, పగలొక గంప మీద, రాత్రొక గంప మీద కూర్చునేది పర్లమ్మ.

దూరం నుంచి గంపలు పెరగడం మాత్రమే చూస్తున్న జంబుకయ్యకు నిద్ర పట్టలేదు. వాయిదా తప్పుతుందనీ, పెట్ట దక్కుతుందనీ చూస్తుంటే, నోటిలోకి జొన్నలే వస్తున్నాయి. నక్కకు జొన్నలెందుకు? పరుగున బసవయ్య దగ్గరికి వెళ్లాడు. పర్లమ్మకూ పిలుపు వచ్చింది.

"మహాప్రభో," అన్నాడు జంబుకయ్య, "శేరు ఒప్పందం జీతగత్తెకు! ఇప్పుడీవిడ షావుకారమ్మ. గంపలకు గంపలు గుడ్లు! రాబడిలో సగం నాకు రావాలి."

"గుడ్లు నావి కావు బాబాయ్, బేరం వాళ్లవి," అంది పర్లమ్మ బసవయ్యతో. "నాకు మిగిలేది కూలి. అందులోంచే శేరు కడుతున్నాను."

"ఎవరు పెట్టినా, ఈవిడ రెక్కల కిందనుంచి బయటికొచ్చిందంతా ఈవిడ రాబడే! పిల్లల్లో సగం నాకిప్పించండి."

బసవయ్య నెమరు ఆపాడు. పర్లమ్మ ఒక్క క్షణం నక్క వైపు తల వాల్చి చూసింది.

"సరే బాబాయ్. ఆయన న్యాయం నాకూ నచ్చింది. కానీ అస్తమానం పంచుకుంటూ కూర్చోలేను. ఏదో ఒక గంప ఆయన్నే ఎంచుకోమనండి. పిల్లలు బయటికి రాగానే సగం ఆయన చేతులతోనే తీసుకోమనండి. దాంతో అప్పు చెల్లు అని అందరి ముందూ చెప్పమనండి."

"చెల్లు! చెల్లు!" అన్నాడు జంబుకయ్య, లొట్టలేస్తూ. "ఆకులు కప్పిన గంప నాది. కప్పి దాచిందంటే గుడ్లు పెద్దవే అయ్యుంటాయి, పిల్లలూ పెద్దవే."

"ఆ గంప తల్లిని ఒకమాట అడిగితే బాగుంటుంది జంబుకయ్యగారూ."

"తల్లితో నాకేం పని? వ్యవహారం మగవాళ్ల మధ్య ఉండాలి."

"ఇక నేను చెప్పేదేముంది," అంది పర్లమ్మ.

గుడ్లలో కదలిక మొదలవగానే పర్లమ్మ జంబుకయ్యకొక కబురు, ఏట్లో మకరమ్మకొక కబురు పెట్టింది. జంబుకయ్య నూనె రాసుకున్న మీసాలతో వచ్చాడు. సాక్ష్యానికి బసవయ్యా వచ్చాడు. కూలి బేరం ఉన్న ఆడవాళ్లందరూ పిలవకుండానే వచ్చారు. గంపలోంచి కీచుమని అరుపులు. జంబుకయ్య ఆకులు తోసి తల లోపల పెట్టాడు. పొడవాటి మూతి, చిన్న చిన్న పళ్లు ఉన్న పిల్ల ఒకటి ఆయన ముక్కు పట్టుకుంది.

"ఇదేం కోడిపిల్ల!" అని అరిచాడు, ముక్కులోంచి.

ఆ కీచులు విని ఏరు రెండుగా చీలింది. మకరమ్మ గట్టెక్కింది.

"నా పిల్లల్లో సగం కావాలన్నావట," అంది నెమ్మదిగా. "తప్పేం లేదు నాయనా. బయటికొచ్చిందంతా పంచుకోవాలన్న న్యాయం నీదే కదా. నువ్వూ పొదలోంచి బయటికొచ్చావు. నీలో నాకు సగం రావాలి. ముందు సగం ఇస్తావా, వెనక సగమా?"

జంబుకయ్య ముక్కు విడిపించుకున్నాడు. పరిగెత్తాడు. అయినా ఆయన తోకలో సగం మకరమ్మ వాటాకు వచ్చింది.

"జంబుకయ్యా, నీ సగం తీసుకెళ్లు!" బసవయ్య గట్టిగా కేకేశాడు.

"వద్దు! చెల్లు! అంతా చెల్లు!" అన్న మాట జొన్నచేను అవతలనుంచి వినిపించింది.

ఆ సాయంత్రం ఏటి గట్టున నవ్వులే నవ్వులు. మొసలిపిల్లలు గుడ్లలోంచి విన్నది పర్లమ్మ గొంతే కాబట్టి ఆమె వెనకే వరసగా నడుస్తూ, పొట్టి కాళ్లతో మట్టి గీరి గింజలు వెతికాయి. బాతు నవ్వి నవ్వి నీళ్లలో పడింది. మకరమ్మ చేపలతోపాటు ఆ సగం తోకను కూడా పర్లమ్మకు ఇచ్చింది. గంపలో పరుచుకుంటే వెచ్చగా ఉంటుందని.

ఆడదాని చేతిలో కనిపించిందల్లా పంచుకుందామనుకునేవాడు, అది ఎవరి సొత్తో ముందు కనుక్కోవాలి.

మరుసటి ఏడు పర్లమ్మ కూలి రెట్టింపు చేసింది.