కూజా మీది వీరుడు

ఒకానొక యవన రాజ్యంలో, సముద్రం ఒడ్డున, పాలెమోన్ అనే రాజు ఉండేవాడు. ఆయన యుద్ధాలు చేసింది తక్కువ, యుద్ధాల బొమ్మలు చూసింది ఎక్కువ. సింహాసనం పక్కనే ఒక పెద్ద మట్టి కూజా పెట్టించుకున్నాడు. దాని మీద ఆయన తాత, ఈటెను నడుము దగ్గర పట్టి శత్రువును పొడుస్తున్న బొమ్మ ఉంది.

ఆ రాజ్యపు సైనికులు మాత్రం ఈటెను భుజం మీదుగా, చెవి దగ్గర పట్టేవారు. ఎడమ చేత డాలు, డాలుకు డాలు ఆనించిన వరస, ఆ వరస వెనక మరో ఏడు వరసలు. డాళ్ల పైనుంచి కిందికి పొడిచేవారు. చెయ్యి తొందరగా నొప్పెట్టేది. అయినా తాతల నాటినుంచీ అదే పద్ధతి.

ఆస్థానంలో ఫెరెస్ అనే పండితుడు ఉండేవాడు. యుద్ధభూమి ముఖం ఎరగడు గాని, ఈటె పట్టడం మీద పెద్ద గ్రంథం రాసి పారేశాడు. "ప్రభూ! తమ తాతగారి పట్టే వీరుల పట్టు. చెవి దగ్గర పట్టడం చేపలు పొడిచేవాళ్ల పని!" అన్నాడు. రాజు ఉబ్బిపోయి, రేపటినుంచి అందరూ నడుము దగ్గరే పట్టాలని ఆజ్ఞ ఇచ్చేశాడు.

మరునాడే కవాతు. ఈటె వెనక కొసకు కంచు ములుకు ఉంటుంది, నేలలో గుచ్చి నిలబెట్టడానికి. ముందు వరసలో మైలోన్ అనే సైనికుడు పొడవడానికి ఈటెను బలంగా వెనక్కి లాగాడు. ఆ ములుకు వెనక నిలబడ్డవాడి పొత్తికడుపులో దిగింది. ఆ వెనకవాడు అతని సొంత తమ్ముడు హెరాస్. అన్నదమ్ములను ఒకరి వెనక ఒకరిని నిలబెట్టడం ఆ సైన్యంలో ఆచారం. సాయంత్రానికి హెరాస్ చచ్చిపోయాడు.

వరసలో తోటివాణ్ణి చంపినవాడికి రాళ్లతో కొట్టి చంపే శిక్ష. మర్నాడు మైలోన్‌ను సంకెళ్లతో సభకు తెచ్చారు. అతను బతిమాలలేదు. "కావాలని చేయలేదు. పట్టే అలాంటిది," అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

"శాస్త్రం తెలియని మొద్దు! నా పట్టులో తప్పే లేదు," అన్నాడు ఫెరెస్.

అప్పుడు కోరాక్స్ లేచాడు. అతను ముసలి సైనికుడు, కుంటివాడు. నాలుక పదును చూసి రాజు కొలువులో పెట్టుకున్నాడు.

"ప్రభూ, వీణ్ణి చంపడం ఎంతసేపు! ముందు పండితులవారు అసలు పట్టు ఒకసారి చూపిస్తే, మిగతా మొద్దులమైనా నేర్చుకుంటాం."

రాజుకు ఆ మాట నచ్చింది. కోరాక్స్ స్వయంగా ఈటె తెచ్చాడు. వెనక ములుకుకు తడి ఎర్రమట్టి ముద్ద దట్టంగా అంటించి ఉంది.

"హెరాస్ చోట ఎవరైనా నిలబడాలి. ఎవరు వస్తారు?" అన్నాడు. మంత్రులంతా నేల చూపులు చూశారు. "అయ్యో, పండితుల పట్టంటే ఇంత భయమా?"

"నాకేం భయం లేదు!" అని రాజు తెల్లని అంగీతో దిగి వచ్చి ఫెరెస్ వెనక నిలబడ్డాడు.

రాజు చూస్తున్నాడు కదా అని ఫెరెస్ హుషారుగా ఈటెను వెనక్కి లాగాడు. ఆ ముద్ద రాజు పొత్తికడుపులో దభీమని తగిలింది. రాజు ఊపిరందక కూలబడ్డాడు. తెల్లని అంగీ మీద ఎర్రటి మరక. సభ హాహాకారాలు చేసింది. భటులు ఫెరెస్ మెడ పట్టుకున్నారు.

"ప్రభూ, నేను కావాలని చేయలేదు!" అని ఫెరెస్ గిలగిలలాడాడు. "ఈటె వెనక్కి లాగితే ములుకు ఇంకెక్కడికి పోతుంది? పట్టే అలాంటిది!"

"ఇందాక మైలోన్ కూడా ఇదే అన్నాడు," అన్నాడు కోరాక్స్. "రాళ్లు సిద్ధంగా ఉన్నాయి ప్రభూ. ముందు ఎవరికి?"

రాజు కడుపు పట్టుకుని లేచాడు. "మరి మా తాత అలాగే పట్టాడు కదా?"

"బొమ్మలో తాతగారి వెనక ఏముందో చూడండి."

రాజు కూజా దగ్గరికి వెళ్లి చూశాడు. "ఏమీ లేదు. ఉత్త మట్టి."

"అవును. ఆయన ఒంటరిగా పోరాడాడు. మన సైనికుడి వెనక ఏడుగురు ఉంటారు ప్రభూ. చెవి దగ్గర పడితే ములుకు వాళ్ల తలల మీదుగా పోతుంది."

రాజు తన అంగీ మీది మరక చూసుకుని, ఫెరెస్ ముఖం చూసి, పెద్దగా నవ్వాడు. సభ కూడా నవ్వింది. ఇద్దరినీ వదిలేయమన్నాడు, పాత పట్టే ఉండాలన్నాడు. "కోరాక్స్, ఏం కావాలో కోరుకో!"

"ఆ కూజా ఇప్పించండి."

"అదా! దేనికి?"

"హెరాస్‌ను ఈ పూట దహనం చేస్తారు. బూడిద పెట్టడానికి వాళ్లింట్లో మంచి పాత్ర లేదు."

రాజు నవ్వు ఆగిపోయింది. కూజా ఇచ్చేశాడు.

మర్నాడు కవాతులో ఈటెలన్నీ మళ్లీ చెవుల దగ్గరికి లేచాయి. మైలోన్ వెనక ఇప్పుడు ఎవరో కొత్తవాడు. అయినా ఈటె ఎత్తే ముందు మైలోన్ వెనక్కి తిరిగి, "కాస్త దూరం జరుగు తమ్ముడూ," అన్నాడు.